సాక్ష్యం చెప్పిన తర్వాత

మా చర్చి సంఘంలో డోలక్ వాయించేది నేనే. అంతకు ముందు మా అయ్య వాయించేవాడు. ఉన్నట్టుండి ఒకరోజు ఆయన డోలక్ తీసి మంచం కింద పెట్టేశాడు. కొన్నాళ్ళకి అది నా ఒళ్ళోకి వచ్చింది. ఎందుకు మానేశాడని ఎవరూ అడగలేదు. పని చేసి అలిసిపోయాడనుకున్నాం. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో బస్తాలు మోసిన మనిషి అలిసిపోతే దానికి వేరే కారణం వెతుకుతామా? ఆ అలుపుతోనే ఆయన కొన్నేళ్ళు బతికి, గుండె ఆగి పోయాడు.

నా సంగతికి వస్తే, నేను డోలక్ మానలేదు. అదే నా కొంప ముంచింది. లోపల ఏమీ లేకపోయినా చేతులు దరువు తప్పవు. ఆదివారం పాట మొదలవగానే అవి లేచి వాటి పని అవి చేసుకుపోయేవి. చుట్టూ జనం కళ్ళు మూసుకుని పాడుతుంటే నేను పైన తిరిగే ఫ్యాను చూస్తూ వాయించేవాణ్ణి. సంతోషం లేదు. దుఃఖమూ లేదు. దుఃఖమైనా ఉంటే బాగుండేది, పాపం ఏడుస్తున్నాడని ఎవరో ఒకరు పలకరించేవారు. దరువు సరిగ్గా పడుతోంది కాబట్టి మనిషి కూడా సరిగ్గానే ఉన్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇది మొదలైన వర్షాకాలంలో ఒకరోజు మా ఆవిడ చేపల పులుసులో ఉప్పు వేయడం మర్చిపోయింది. అమ్మ ఒక ముద్ద తిని మొహం చిట్లించింది. నేను పళ్ళెం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాను. మా ఆవిడ నన్నే చూస్తూ ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. ఆ రోజుల్లో నాకు అన్నీ బాగానే ఉండేవి. చొక్కా మాసినా బాగానే ఉండేది, ఎవరైనా తిట్టినా బాగానే ఉండేది. స్నానం చెయ్యమని రెండు మూడుసార్లు చెబితే గాని లేచేవాణ్ణి కాను. మనిషికి పొగరెక్కిందని కొందరు, బద్ధకమని కొందరు అన్నారు. అమ్మ మాత్రం రోజూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఆ చెయ్యి బరువు తెలిసేది, అంతే.

మా ఇల్లు హౌరా వైపు, నా పని నది అవతల ఖిదిర్‌పూర్‌లో, ఒక కంటైనర్ యార్డులో. ఇప్పుడు నది కింద మెట్రో నడుస్తోంది గాని నాకు లాంచీయే అలవాటు. ఒకరోజు పొద్దున అవతలి ఘాట్ వచ్చింది, జనమంతా దిగారు, నేను దిగలేదు. దిగకూడదని కాదు. బెంచీ మీంచి లేవాలంటే ఏదో ఒకటి కావాలి కదా, అది నాలో దొరకలేదు. లాంచీ మళ్ళీ హౌరా వచ్చింది, మళ్ళీ అవతలికి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా అలా గంగ మీదే తిరుగుతున్నాను. నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. చూస్తే భయం వేయాలి, వేయలేదు. తర్వాత ఆసుపత్రిలో ఈ మాట చెప్పినప్పుడు డాక్టరమ్మ రాయడం ఆపి నా మొహంలోకి చూసింది.

యార్డులో నాకంటే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, బెంగాలీ. అన్నా అన్నట్టు నేను దాదా అని పిలుస్తాను. నేను పనిలోకి రాలేదని ఫోన్ చేస్తే, లాంచీలో ఉన్నానని చెప్పాను. ఇంకేమీ అడక్కుండా ఘాట్ దగ్గరికి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని దింపాడు. వాళ్ళ పెద్దక్క కొన్నేళ్ళు ఇలాగే ఉండేదట. మనసు బాగోలేకపోవడం వేరు, ఇది జబ్బు, దీనికి మందుంది అని టీ తాగిస్తూ చెప్పాడు. మర్నాడు పని మానుకుని నన్నూ మా ఆవిణ్ణీ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి టిక్కెట్టు వరసలో తనే నిలబడ్డాడు. ఆ వరస చూస్తే నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోతానని ఆయనకి తెలుసు.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. నా బాధంతా ఆవిడకి బెంగాలీలో చెప్పాను. తెలుగులో చెప్పమంటే నా వల్ల అయ్యేది కాదు. తాతల నాడు ఇక్కడికి వలసొచ్చిన మేం ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగు తిండికీ తిట్లకీ సరిపోతుంది. చదువుకున్న తెలుగంతా బైబిలూ పాటల పుస్తకమూ నేర్పినది. అందులో ఇలాంటి దానికి ప్రార్థన ఉంది గాని, డాక్టరుకి చెప్పుకునే మాట లేదు. ఇప్పుడు రాస్తున్నదీ ఆ తెలుగే. ఎక్కడైనా ప్రసంగంలా వినిపిస్తే సర్దుకుపోవాలి.

రోజుకో మాత్ర రాసింది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందనీ, ముందు ఇబ్బందిగా ఉంటుందనీ, బాగుందనిపించినా సొంతంగా మానొద్దనీ చెప్పింది. ఆఖరి మాట రెండుసార్లు చెప్పింది. పక్క గదిలో ఇంకొకామె ఉండేది, ఆమెతో కూర్చుని మాట్లాడటం కూడా వైద్యమే అన్నారు. మొదటిసారి ఆమె ఎదురుగా కూర్చుని నేను గడియారం చూస్తూ ఉండిపోయాను. ఆమె ఏమీ అనుకోలేదు. మళ్ళీ రమ్మంది.

మర్చిపోకుండా ఉండాలని మాత్రని సాయంత్రం టీతో ముడిపెట్టుకున్నాను. నోరెండిపోయేది. ఆవలింతలు వచ్చేవి. ఒక సాయంత్రం టీ నోట్లో పెట్టుకుని, అల్లం ఎక్కువైంది అన్నాను. మా ఆవిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. టీకి వంక పెట్టి పెళ్ళాన్ని ఏడిపిస్తే ఇల్లంతా సంబరపడటం మా ఇంట్లో ఆ ఒక్కరోజే జరిగింది.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మొక్కుకుంటాం. తగ్గాక ఇంట్లో స్తుతి కూటం పెట్టి, సంఘాన్ని పిలిచి, భోజనం పెట్టి, తగ్గిన మనిషి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. అలా చెప్పాక ఆ జబ్బు కథ అయిపోయినట్టే. ఆ తర్వాత దానికి మందు వాడటమంటే దేవుడు పని సగంలో వదిలేశాడని చెప్పడమే. ఇది ఎక్కడా రాసి లేదు. పాస్టరుగారు ఏనాడూ అలా అనలేదు. అయినా అందరం పాటిస్తాం. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. నేను స్కూల్లో చదివే రోజుల్లోనే తనకి షుగరు పోయిందని సాక్ష్యం చెప్పింది. అప్పట్నుంచీ ఏ కూటంలోనైనా భోజనాల వేళకి చేతిసంచీ పట్టుకుని బాత్రూములోకి వెళ్ళి, మూతి తుడుచుకుంటూ వస్తుంది. సంచీలో ఏముందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పిల్లలప్పుడు మేం ఆమె నడకని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఆమె ముందు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు.

అమ్మ నా కోసం మొక్కుకుంది. అల్లం గురించి నేను అన్న మాట విన్నాక ఇంక ఆగలేదు. కూటానికి రోజు ఖాయం చేసి, పక్కింటి వాళ్ళ కుర్చీలు తెచ్చి, బంగాళాదుంపలు వేసి బిర్యానీ చేయించింది. మాత్రల సంగతి ఆమెకి తెలుసు. నిద్ర పట్టడానికేమో అన్నట్టు ఉండేది. నా వంతు వచ్చినప్పుడు డోలక్ పక్కన పెట్టి లేచి, ప్రభువు నన్ను స్వస్థపరిచాడని చెప్పాను. అబద్ధం చెప్పాననుకోలేదు, అప్పుడు నాకు అలాగే అనిపించింది. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ మొహం నేను ఎప్పుడూ చూడనంత తేటగా ఉంది.

మర్నాడు సాయంత్రం టీ వచ్చింది. మాత్రల అట్ట గ్యాసు పైన అలమరలో ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె అట్ట వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.  నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. పెద్దమ్మలా బాత్రూములో మింగొచ్చు, ఎవరు వద్దన్నారు? కానీ ఆమెని చూసి అన్నేళ్ళు నవ్వినవాణ్ణి. అదే పని నేను చేయాలంటే సిగ్గేసింది. టీ తాగేసి బయటికి వెళ్ళిపోయాను. మా ఆవిడ అడిగితే వేసుకున్నానని చెప్పేవాణ్ణి.

మొదట తల తిప్పితే లోపల కరెంటు తగిలినట్టు ఉండేది. అది తగ్గింది. చూశావా, మందు లేకుండా నెట్టుకొచ్చాను అనుకున్నాను. తర్వాత మెల్లగా టీలో అల్లం పోయింది. లాంచీలో జనం మాటలు దూరంగా వినిపించడం మొదలైంది. ఒక ఆదివారం పాట మధ్యలో నా చేతులు ఆగిపోయాయి. తడబడలేదు, ఆగిపోయాయి. అదివరకు అవి ఎప్పుడూ అలా చేయలేదు. జనం దరువు లేకుండానే ఒక చరణం పాడి, ఒక్కొక్కరే మానేశారు. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి, డోలక్ నా ఒళ్ళోంచి తీసి కింద పెట్టి, నన్ను బయటికి తీసుకొచ్చింది.

ఇంటికి వచ్చాక అలమరలోంచి అట్ట తీసి చూసింది. మాత్రలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మా ఆవిడ పుట్టిల్లు బడ్జ్ బడ్జ్ ఊళ్ళో, జూట్ మిల్లు పనివాళ్ళ ఇల్లు. గొంతు పెద్దది గాని, అత్త మీద ఏనాడూ ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు. అట్ట తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టింది.

"నీ మొక్కు తీరిపోనాది గదా అత్తా. మరి మనిసేటి ఇలాగున్నాడు?"

"నాను మానీమని సెప్పనేదే," అంది అమ్మ.

అది నిజమే. ఆ మాట ఆమె అననే లేదు. 

ఈసారి ఆసుపత్రికి అమ్మ కూడా వచ్చింది. నేను సాక్ష్యం సంగతి చెబితే డాక్టరమ్మకి సగమే అర్థమైనట్టుంది. కానీ నవ్వలేదు, కోప్పడలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదాం అంది. అమ్మకి ఇది ఎలాంటి జబ్బో నిదానంగా బెంగాలీలో చెప్పింది. చాలాకాలం మందు వాడాలి, ఎంతకాలమో ఇప్పుడే చెప్పలేం అంది. అమ్మ తన వచ్చీరాని బెంగాలీలో ఒక్కటే అడిగింది, ఇది తండ్రి నుంచి వస్తుందా అని. కొన్ని ఇళ్ళల్లో అలా ఉంటుంది మాషీమా, అంది డాక్టరమ్మ, పిన్నిగారూ అన్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు లాంచీ సగం నది దాటాక అమ్మ నా వైపు తిరిగింది.

"మీ అయ్య డోలక్ మంచం కింద ఎట్టీసినాడు గదా," అంది. "అప్పట్నుంచీ గోడకేసి తిరిగి కూకునీవోడు. తిండెడితే తినీవోడు, నేకపోతే నేదు. బద్దకస్తుడని తిట్టీదాన్ని. తిట్టీసి పార్దన సేసీదాన్ని." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ మనిసికి ఈ బిళ్ళ ఎవలూ ఇవ్వనేదు."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఎవరి మీదో తెలియలేదు. అయ్య వీపు గుర్తొచ్చింది, బనీను చిరుగు దగ్గర కనిపించే ఆ వీపు. మేమంతా దాని పక్క నుంచే ఇంట్లోకీ బయటికీ తిరిగాం. చాలాకాలానికి వచ్చిన కోపం కాబట్టి దాన్ని పోనివ్వకుండా ఇంటిదాకా తెచ్చుకున్నాను.

మాత్రలు మళ్ళీ పని చెయ్యడానికి మొదటిసారి కంటే ఎక్కువ కాలం పట్టింది. పక్క గదిలో ఆమెతో ఈసారి మాట్లాడాను, ఎక్కువగా అయ్య గురించే. దాదా రోజూ ఘాట్ దగ్గర నిలబడి నేను దిగానో లేదో చూసేవాడు, చూడనట్టు నటించేవాడు. ఇంతలో ప్రార్థన కూటం వంతుల్లో మా ఇంటికి వచ్చింది. వద్దందామని నేనన్నాను. అమ్మ వినలేదు.

ఆ సాయంత్రం జనం చాపల మీద కూర్చున్నారు. అందరూ నన్ను చూసీ చూడనట్టు చూస్తున్నారు. సాక్ష్యాల వేళకి అమ్మ లేచింది.

"మొన్న నా కొడుకు సేత మీ ముందర సాక్ష్యం సెప్పించినాను. ఆడు బిళ్ళలు యేసుకుంటన్నాడని మీకు సెప్పనేదు. ఆ బిళ్ళ మానీసి ఆడు మళ్ళీ పడిపోనాడు. తప్పు నాది. దేవుడు బిళ్ళ ఎట్టి బాగుసేస్తన్నాడు. ఆడింకా యేసుకోవాల."

అని, వంటింట్లోంచి నీళ్ళ గ్లాసూ అట్టా తెచ్చి నా ముందు పెట్టింది. టీ వేళ దాటిపోతోంది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు బైబిలు మూసి మళ్ళీ తెరిచారు. నేను మాత్ర విప్పి నోట్లో వేసుకున్నాను. నోరెండిపోయి ఉంది, ఒక గుక్కకి దిగలేదు, ఇంకో గుక్క తాగాను. గొప్పగా ఏమీ అనిపించలేదు. మాత్ర దిగుతున్నట్టు తెలిసింది. అమ్మ ఇంకా చెయ్యి చాపి నిలబడే ఉంది, గ్లాసు కోసం. ఇచ్చాను.

గోడకి ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది. వంటింట్లోంచి బిర్యానీ వాసన వస్తోంది, ఆమె లేచి వెళ్ళే వేళే అది. లేవలేదు. కూర్చున్నచోటే సంచీ తెరిచింది.

"ఆ గ్లాసులో నీళ్ళు మిగిల్నాయేటి?" అని అమ్మని అడిగింది. "ఇలాగియ్యి."

అమ్మ ఇచ్చింది. పెద్దమ్మ సంచీలోంచి తన షుగరు బిళ్ళ తీసి, అందరం చూస్తుండగా మింగి, మూతి తుడుచుకుని, దరువు ఎత్తుకోమని నాకు సైగ చేసింది. నేను డోలక్ ఒళ్ళోకి తీసుకున్నాను.