పూజలో పెట్టిన పానా

బండి ఆగితే నాకు ఊపిరాడదు. కిరండూల్ రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. ఖనిజం మోసే రైళ్ళు కదులుతున్న చప్పుడు వింటేనే నాకు నిద్రపట్టేది. గనులు జోరుగా నడిచిన ఆ రోజుల్లో నేను నర్సుగా చేరాను. నాకు అప్పగించిన ఆసుపత్రి కూడా చక్రాల మీదే ఉండేది. ఒకప్పుడు సర్వే ఇంజనీర్లు అడవిలో పడుకోవడానికి చేయించుకున్న వ్యాను అది. లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, మందులకో చిన్న ఫ్రిజ్. దాన్ని ఊరూరా తిప్పుతూ అందులోనే వండుకునేదాన్ని, అందులోనే సూదులు వేసేదాన్ని.

డ్రైవరు దక్షిణ సుక్మాలో ఒక రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. పని నేర్చుకున్నది మాత్రం కిరండూల్ షెడ్డులో. నాకంటే పెద్దవాడైనా నన్ను సిస్టరమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. బండికి చిన్న గీత పడినా ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక తర్రెం వైపు ఒక సంత ఊళ్ళో బండి ఆపుకున్నాం. అక్కడ ఉండగానే విశ్వకర్మ పూజ వచ్చింది. మా గనుల ఊళ్ళో ఆ పండగకి ఒక కట్టుబాటు ఉంది. ముందురోజు యంత్రాలన్నీ కడిగి రంగులేస్తారు. పూజ రోజు పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతారు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ పానా ముట్టుకోరు. అడవిలో ఉన్నాం కదా అని ఆయన ఏమీ తగ్గించుకోలేదు. బండికి చక్రాల దాకా ఆకుపచ్చ రంగు వేశాడు. పూజనాడు పొద్దున్నే పానాలు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు బండి ముందు వరసగా పేర్చి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

మధ్యాహ్నానికి ఫ్రిజ్ ఆగిపోయింది.

ఆ ఫ్రిజ్‌లో వాగవతలి ఊరి పిల్లకి వెయ్యాల్సిన కుక్కకాటు మందు ఉంది. పిచ్చికుక్క పిక్క పట్టుకుంది ఆ పిల్లని. మొదటి సూదులు వేశాను. తరవాతిది మర్నాడు సంతకి వచ్చినప్పుడు వెయ్యాలి. వాగు పొంగి దారి తెగింది కాబట్టి ఇంకో మందు తెప్పించే వీలు లేదు. వెచ్చబడిన మందు వేసి, ఇక భయం లేదని ఆ తల్లికి ఏ నోటితో చెప్పను?

"ఏటన్నా ఇది?" అని అరిచాను.

"బ్రేకర్ పడ్డది సిస్టరమ్మా, అంతే," అని ఆయన మీట పైకెత్తాడు. ఫ్రిజ్ గుర్రుమంది. నేను గ్లాసులో టీ పోసుకునేలోపే మళ్ళీ టక్కుమని పడింది.

లోడు ఎక్కువైందేమో అని ఫ్యాను, దీపాలు అన్నీ ఆపేశాడు. అయినా పడింది. బ్యాటరీలు నీరసపడ్డాయేమో అని ఇంజను ఆన్ చేసి ఉంచాడు. ఇంజను తిరుగుతుంటే లోపలి బ్యాటరీలు చార్జి కావాలి, మీటరు ముల్లు లేవాలి. అది చలనం లేకుండా పడి ఉంది. చేత్తోనే మూతలు తిప్పి బ్యాటరీల్లో నీళ్ళు చూశాడు. నీళ్ళు నిండుగానే ఉన్నాయి. నేను బండి చుట్టూ తిరుగుతున్నాను, తిట్టుకుంటున్నాను, మళ్ళీ లోపలికెళ్ళి ఫ్రిజ్‌లోని థర్మామీటరు వైపు చూస్తున్నాను. కాలుగాలిన పిల్లిలా తిరగొద్దని ఆయనే కసురుకున్నాడు.

చివరికి బండి కింద దూరి, తీగ వెంబడి ఒక్కో కీలు దగ్గర వేలు పెట్టి చూడటం మొదలుపెట్టాడు. ఒకచోట చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఈడ కాలుతుంది. ఎర్తు బోల్టు." బ్యాటరీ తీగని బండి ఇనుముకి కలిపే బోల్టు అది.

"మరి విప్పు!"

ఆయన కదల్లేదు. అప్పుడు అర్థమైంది నాకు. అంతవరకూ చేసిందంతా ఉత్త చేతులతోనే. ఇప్పుడు పానా కావాలి. అది పూజలో ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు తియ్యకపోతే నేనే తీస్తాను. మాకు చర్చిలో ఈ పట్టింపు లేదు," అని వంగాను.

ఆయన గబుక్కున బయటికొచ్చి నా చెయ్యి అడ్డుకున్నాడు. "వద్దు సిస్టరమ్మా. బండి నాది, పూజ నాది. దోషం తగిలితే నాకే తగలాలె." కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, బొట్టు చెరగకుండా పానా తీసుకున్నాడు.

బోల్టు విప్పితే కింద ఇనుము కనిపించలేదు, ఆకుపచ్చ రంగు కనిపించింది. ముందురోజు, బాగుండాలని తీగ తీసి మరీ రంగేసి, దాని మీదే మళ్ళీ బిగించాడు. రంగు అడ్డుపడి కరెంటు సరిగ్గా పోవడం లేదు. బ్యాటరీలు నిండటం లేదు. వోల్టేజీ పడిపోయేసరికి ఫ్రిజ్‌ని నడిపే ఇన్వర్టరు ఎక్కువ కరెంటు గుంజి, బ్రేకరు పడుతోంది.

"నేనే చేసిన ఇది," అన్నాడు చిన్నగా. స్క్రూడ్రైవరు మొనతో ఇనుము తెల్లగా తేలేదాకా గీకాడు. తన బండిని తనే గీరుతుంటే ఆయన ముఖం చూడలేక పక్కకి తిరిగాను. తీగ బిగించి ఇంజను ఆన్ చేస్తే ముల్లు లేచింది. థర్మామీటరు ఇంకా మందు పాడయ్యే గీత దాటలేదు. ఆ తరవాత కూడా నాకు కుదురు లేదు. వాగు తగ్గుతుందా, పిల్ల వస్తుందా అని అదే ధ్యాస.

మర్నాడు తల్లి పిల్లని భుజాన ఎక్కించుకుని వాగు దాటించి తెచ్చింది. సూది వేస్తే పిల్ల సంతంతా వినిపించేలా ఏడ్చింది.

వాళ్ళు వెళ్ళబోతుంటే బండి ముందు ఆయన కనిపించాడు. పానాలు మళ్ళీ వరసగా పేర్చి, వాటి ఎదుట చెవులు పట్టుకుని గుంజీలు తీస్తున్నాడు. ఆ వయసులో మోకాళ్ళు పటపటమంటున్నాయి.

"ఏందమ్మా, గట్ల చేస్తుండు?" అంది పిల్ల.

"తప్పు జేసిండంట దేవునికి," అంది తల్లి.

"ఏం తప్పు?"

తల్లి నావైపు చూసింది. "నీ సూది మందు పాడవకుండా బండి బాగుచేశాడమ్మా. పండగపూట పానా ముట్టుకోకూడదంట," అన్నాను.

పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని, కట్టున్న కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. రెండు చెవులూ పట్టుకుని తనూ గుంజీలు మొదలుపెట్టింది. నేను బండిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.