బెల్లం లేని జున్ను

మా అత్తయ్యగారికి సుగరు ఉందని తెలిసిన రోజున ఇంట్లో ఎవరం ఏడవలేదు. ఆవిడ అరుగు మీద కూర్చోవడం మానేసిన రోజున మాత్రం నాకు ఏడుపొచ్చింది. గుడివాడలో మా వీధి ఆడవాళ్ళంతా సాయంత్రమైతే మా అరుగు మీదే చేరేవారు. ఎదురింటి పిన్నిగారు చేగోడీల పళ్ళెంతో వచ్చేవారు, ఇంకొకరు జంతికలు తెచ్చేవారు, ఇక ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ నమిలి పారేసేవారు. డాక్టరుగారు అన్నం తగ్గించి పిండివంటలు మానెయ్యమన్నాక, పక్కవాళ్ళు కరకరలాడిస్తుంటే నోరు కట్టుకుని కూర్చోలేక అత్తయ్యగారు తలనొప్పంటూ నెలల తరబడి లోపలే ఉండిపోయారు. ఆవిడ లేని కబుర్లకి ఉప్పూ కారం లేదు.

నాకా, ఊరుకునే గుణం లేదు. ఒకనాడు టీవీ వంటల కార్యక్రమంలో ఒకావిడ చీజు తురిమి పెనం మీద చిన్న చిన్న కుప్పలుగా పోసింది. అది కరిగి, ఎర్రగా కాలి, అప్పడాల్లా విరిగింది. అందులో చిటికెడు పిండి లేదు. ఇంకేం, దారి దొరికిందనుకుని, మర్నాడు పొద్దున్నే బజారుకి బయల్దేరుతున్న మావయ్యగారిని చీజు తెమ్మన్నాను.

చీజంటే ఏమిటో ఆయన నన్ను అడగలేదు. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన మనిషి, కోడల్ని అడుగుతారా? నిఘంటువు తీస్తే జున్ను అని ఉందట. బజారు మానేసి ముదినేపల్లి బస్సెక్కి, గేదె ఈనిన చుట్టాలింటికి వెళ్ళి, భోజనాల వేళకి క్యాను నిండా జున్నుపాలతో దిగారు.

"ఇదిగోనమ్మా, నువ్వడిగిన చీజు."

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో నాకు తెలియలేదు. అత్తయ్యగారు మూత తీసి చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు. బెల్లం, యాలకులు వేసిన జున్నంటే ఆవిడకి ప్రాణం.

"తినకూడదని తెలిసీ తెచ్చారా? నన్ను ఊరించడానికి కాకపోతే" అన్నారు మెల్లగా.

మావయ్యగారు తల దించుకుని క్యానుకి మళ్ళీ మూత పెట్టేశారు. ఆ ఇద్దర్నీ అలా చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదంటే చెప్పలేను.

బెల్లం వెయ్యకుండా వండుతానన్నాను. అత్తయ్యగారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. బెల్లం లేకపోతే అది జున్నెలా అవుతుందన్నారు. నేను వింటేగా! పాలల్లో ఉప్పు, జీలకర్ర, దంచిన మిరియాలు వేసి ఆవిరి మీద పెట్టాను. గట్టిగా పేరుకుంది. ముక్కలు కోసి, పెనం మీద చుక్క నూనె వేసి సర్దానో లేదో, ఆవిడే వచ్చి నా చేతిలో అట్లకాడ లాక్కున్నారు.

"అంత మంటేంటమ్మాయ్, మాడ్చేస్తావు. తప్పుకో."

ఇన్నాళ్ళకి ఆ గొంతులో పెత్తనం విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ముక్కల్ని అటూ ఇటూ తిప్పుతూ అంచులు కరకరలాడేదాకా ఓపిగ్గా కాల్చారు, కరివేపాకు వేయించి పైన చల్లారు. ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. సాయంత్రం అరుగు మీద మాటలు వినపడగానే పళ్ళెం తీసుకుని నేరుగా బయటికి నడిచారు. నేనూ, మావయ్యగారూ తలుపు చాటున నిలబడ్డాం.

ఇదేమిటి వదినా అని అడిగారు వాళ్ళు. చీజు అన్నారీవిడ దర్జాగా. నా పక్కన మావయ్యగారు మీసం సర్దుకున్నారు. అరుగు మీది చేతులన్నీ ఒక్కసారిగా పళ్ళెం మీదికొచ్చాయి. అత్తయ్యగారు దాన్ని ఒళ్ళోకి లాక్కున్నారు.

"ఆగండాగండి. సుగరు లేనివాళ్ళకి ఒక్కో ముక్కే. ఉన్నవాళ్ళకి రెండు."

అందరూ గొల్లుమన్నారు. ఎదురింటి పిన్నిగారు మాత్రం నవ్వలేదు. రోజూ చేగోడీలు తెచ్చి అందరికీ పంచి, ఇంట్లో ఇప్పుడే తిన్నానంటూ తను మాత్రం ఒక్కటీ ముట్టుకోని మనిషావిడ. కొంగు సర్దుకుని, అత్తయ్యగారి పక్కకి జరిగి, చెయ్యి చాపారు.

"నాకు రెండు పెట్టొదినా."