వాలు మీద నిలబెట్టిన జీపు

మా నాయిన అంగడి అని మేము పిలుచుకున్నది నిజానికి అంగడి కాదు. బొంబాయిలో ఫోరస్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో, గదికొక కుటుంబంగా మేముండే చాల్ పక్కగోడకు ఆనించి వేసిన రేకులు, వాటి కింద ఒక బండి పట్టేంత జాగా. టెంపోల కింద, జీపుల కింద బరువు మోసే కమాన్ పట్టీలు విరిగితే నాయిన అక్కడ విప్పి, కొత్త పట్టీ వేసి బిగించేవాడు. కాలేజీలో ఎక్కడుంటావని అడిగితే నేను గ్రాంట్ రోడ్ అనేదాన్ని. కామాటిపురా అంటే అందరికీ అక్కడి సానివాడలే గుర్తొస్తాయి, ఆ తర్వాత వాళ్ళు చూసే చూపు నాకు తెలుసు. మీ నాన్న ఏం చేస్తాడంటే గ్యారేజీ అనేదాన్ని. ఈ రెండు మాటలూ తప్ప ఆ కాలేజీలో నేను పెద్దగా మాట్లాడింది లేదు.

మాటలు నాకు మొదటినుంచీ కష్టమే. పాత కాగితాలు కొనే రద్దీ దుకాణానికి తూకానికి వచ్చిన పాత తెలుగు పుస్తకాలు తెచ్చుకుని, గదుల ముందుండే గ్యాలరీ చివర నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చుని చదివేదాన్ని. ఏదైనా అనాలనిపిస్తే డైరీలో రాసుకునేదాన్ని. అందుకే ఆ రోజు నేను నోరు తెరవడం మా వాళ్ళకు అంత వింతగా ఎందుకు తోచిందో నాకు అర్థమవుతుంది. క్షమించడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

మిల్లులు మూతబడ్డ తర్వాతి రోజులవి. మా చాల్‌ను ఒక కాంట్రాక్టరు సేట్ కొన్నాడు. కొన్న కొద్దిరోజులకే, గోడకు ఆనుకుని ఉన్న రేకులన్నీ తీసేస్తామని మనిషిని పంపి చెప్పించాడు. నాయిన వేరే పని నేర్వలేదు. ఇంకోచోట జాగా పట్టే స్తోమతు లేదు. ఆ వారమంతా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఎవరూ తలెత్తి ఎవరినీ చూడలేదు.

సేట్ దగ్గరున్న డ్రైవరు మా పాలమూరు దిక్కువాడే, ధారావిలో ఉండేవాడు. నాయినను మామా అనేవాడు. ఒకరోజు పొద్దున అతను సేట్ జీపు తెచ్చి మా రేకుల కింద పెట్టాడు. కొండల్లో ఉన్న రాతి క్వారీలకు పోవడానికి సేట్ తెప్పించుకున్న ఫారిన్ బండి. దాని వెనక చక్రాల దగ్గర పట్టీలకు తోడు రబ్బరు తిత్తులున్నాయి. గాలి నింపితే బండి వెనకభాగం లేస్తుంది, తీస్తే దిగుతుంది. ఒక తిత్తికి పోయే పైపులోంచి గాలి కారుతున్నట్టుంది, బండి ఒక పక్కకు ఒరిగి నిలబడింది. ఆ కంపెనీ వాళ్ళు బొంబాయిలో లేరు. వాళ్ళ సామాను దొరకదు. డ్రైవరే చోర్ బజారులో వెతికి, గాలి ఎంత ఉందో చూపే గేజ్ ఒకటి కొనుక్కొచ్చాడు.

"సేట్‌కు నీ గురించి చెప్పిన మామా. బండి సీదా నిలబడితే నీ రేకుల జోలికి రాడు. సైట్ల మీది బండ్లన్ని నీ దగ్గరికే పంపుతడంట. ఆయన నోటితోనే అన్నడు."

నాయిన సబ్బునీళ్ళు పూసి కారే చోటు పట్టుకున్నాడు, మధ్యాహ్నానికల్లా బాగుచేశాడు. మిగిలింది రెండు పక్కలా ఎత్తు సరిచేయడమే. వేరే బండ్లకు ఆయన ఆ పని జానతో చేసేవాడు. టైరు పైనుంచి మడ్‌గార్డు అంచు దాకా బొటనవేలు, చిటికెనవేలు సాచి పెట్టి, ఈ పక్కా ఆ పక్కా ఒక్కలాగే ఉన్నాయా అని చూసేవాడు. ఎవరూ ఎప్పుడూ తిరిగొచ్చి తప్పు పట్టలేదు. కానీ సేట్ బండికి ఆయన జాన ఆయనకే చిన్నదనిపించింది. నేను టిఫిన్ డబ్బా తీసుకుని కిందికి వెళ్ళేసరికి, గదిలో మేకుకు వేలాడే మా తాత లెవల్ పైపు ఆయన భుజం మీద ఉంది.

తాత పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చి మేస్త్రీ అయినవాడు. అవతలికి కనబడే సన్నటి పైపులో నీళ్ళు నింపితే రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఆ గుర్తు పట్టుకుని గోడలు లేపేవాళ్ళు, స్లాబులు పోసేవాళ్ళు. మా వాళ్ళలో దానికొక కట్టుబాటుంది. పైపులో నీళ్ళు కుదురుకునేదాకా ఎవరూ మాట్లాడకూడదు. దగ్గినా దెబ్బలు పడేవని నాయిన తన చిన్నప్పటి సంగతి గొప్పగా చెప్పుకునేవాడు.

నన్ను గోడవైపు మడ్‌గార్డు దగ్గర ఒక కొస పట్టుకోమన్నాడు. అవతల మురుగునీళ్ళ మోరీవైపు కొస ఆయన పట్టుకున్నాడు. పక్క పంక్చర్ దుకాణం నుంచి గాలి గొట్టం లాగి డ్రైవరు తిత్తులకు గాలి కొడుతున్నాడు. నీళ్ళ గుర్తు ప్రకారం మోరీవైపు బండి దిగి ఉంది. ఇంకా కొట్టు, ఇంకా కొట్టు అని నాయిన చేయి ఊపుతున్నాడు. గేజ్ చూసి డ్రైవరు, ఈ దిక్కు ముల్లు మస్తు ఎక్కువ చూపెడుతుంది మామా అన్నాడు. చోర్ బజారు మాల్ మాట వింటావా అని నాయిన కసిరాడు.

ఆ జాగాను రోజూ పొద్దున కడిగేది నేను. గోడ దగ్గర బకెట్ కుమ్మరిస్తే చీపురు పెట్టకుండానే నీళ్ళు మోరీలోకి పోయేవి. వానాకాలం నీళ్ళు నిలవకుండా ఎప్పుడో ఎవరో ఆ గచ్చును వాలుగా పోశారు. ఆ వాలును బండిలోకి ఎక్కిస్తున్నాడు నాయిన. గోడకైతే పరవాలేదు. గోడ కట్టిన చోటే ఉంటుంది, కింద నేల ఎలా ఉన్నా ఆ పైపు చూపిందే నిజం. జీపు అక్కడ ఉండదు.

పైపు పట్టుకుని మాట్లాడకూడదని నాకు తెలుసు. అయినా అన్నాను.

"నాయినా, నేల వాలుంది. రెండు దిక్కులా ముల్లు అందుకే ఒక్కతీరు లేదు."

డ్రైవరు నవ్వాడు. "కాలేజీ బిడ్డ మామా, లెక్క చెప్తున్నది."

నాయిన నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. "పైపు పట్టుకున్నప్పుడు మాట్లాడొద్దని తెల్వదా నీకు? దీంతోని మీ తాత బిల్డింగులు లేపిండు."

"ఒక్కసారి జాన పెట్టి చూడు."

ఆయన లేచి వచ్చి నా చేతిలోంచి కొస తీసుకుని రేకు కొక్కేనికి తగిలించాడు. ఇంటికి పొమ్మన్నాడు. నేను మెట్లెక్కి గ్యాలరీలోంచి చూశాను. కాసేపటికి జీపు గీత గీసినట్టు నిలబడింది. నాయిన చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళాడు. అంత సంతోషంగా ఆయన బండెక్కడం నేను అంతకుముందు చూడలేదు.

దీపాలు పెట్టే వేళకు నడిచి వచ్చాడు. మర్నాడు డ్రైవరు వచ్చి మెట్ల దగ్గర అమ్మతో జరిగింది చెప్పాడు. నేను బిందె పట్టుకుని పక్కనే ఉన్నాను. సేట్ బంగళా ముందు సమంగా పరిచిన బండల మీద ఆపేసరికి జీపు ఒక భుజం ఎగరేసినట్టు నిలబడిందట. సేట్ చుట్టూ తిరిగి చూసి, ఏమీ తిట్టకుండా, వేరే గ్యారేజీకి తీసుకుపొమ్మని లోపలికి వెళ్ళిపోయాడట.

"మామ అప్పుడు జాన పెట్టి చూసిండు అత్తా. ఈ దిక్కు చూసిండు, ఆ దిక్కు చూసిండు. చెయ్యి తీసి జేబుల పెట్టుకున్నడు."

అంటే నాయినకు తెలిసింది. ఆ జేబులో పెట్టుకున్న చేయి గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో. నన్ను పిలిచి ఏమీ చెప్పక్కర్లేదు, అన్నం తినేటప్పుడు ఒకసారి నావైపు చూస్తే చాలనుకున్నాను. ఆ సాయంత్రం గ్యాలరీలో చేరిన మగవాళ్ళతో ఆయన చెబుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. అంతా బాగానే కుదిరిందట. నీళ్ళు నిలబడే వేళకు పిల్ల నోరు తెరిచిందట, పైపు అదిరిందట, గుర్తు తప్పిందట. విన్నవాళ్ళందరూ మేస్త్రీల కొడుకులే, మనవలే. అయ్యో అన్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

రాత్రి పొయ్యి దగ్గర అమ్మ నాతో, నోరు మూసుకుని ఉంటే అయిపోతుండె గద అంది.

"డ్రైవరన్న చెప్పింది నువ్వు గూడ విన్నవు గదమ్మా."

"విన్న," అంది అమ్మ, రొట్టె తిప్పుతూ. "అయితే? ఆయన రేపు నలుగుర్ల ఎట్ల తిరగాలె?"

నేను ఎట్లా తిరగాలో ఆమె అడగలేదు. నల్లా దగ్గర వరుసలో ఆడవాళ్ళు వెటకారంగా జరిగి చోటిచ్చేవాళ్ళు. ఏమే పంతులమ్మా, మేముండే అర్ర గూడ వాలుందేమో చూసి చెప్పరాదూ అని ఒకావిడ అంటే, దీన్ని అడగకే, ఉన్న అర్ర పోతది అని ఇంకొకావిడ. నవ్వుతూనే అనేవాళ్ళు. నేను నవ్వలేకపోయేదాన్ని, అది పొగరు కింద లెక్కేసేవాళ్ళు.

రేకులు విప్పిన రోజు నేను కాలేజీకి పోలేదు. సేట్ మనుషులు పాత గచ్చు పగలగొట్టి కొత్తది పోశారు. ఆరాక వాళ్ళ మేస్త్రీ గోడ మొదట్లో ఒక బకెట్ నీళ్ళు కుమ్మరించి చూశాడు. నీళ్ళు తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా మోరీలోకి పోయాయి. గ్యాలరీలో నాయిన, నేను, పక్కింటాయన ఉన్నాం. వాలు మంచిగ వచ్చింది అన్నాడు పక్కింటాయన. నాయిన కటకటాలు పట్టుకుని నీళ్ళు ఎండేదాకా కిందికే చూశాడు. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నానని ఆయనకు తెలుసు.

తర్వాత ఆయన ఇంకొకరి గ్యారేజీలో రోజు కూలికి చేరాడు. లెవల్ పైపును మళ్ళీ మేకుకు తగిలించలేదు. కొన్నాళ్ళు మంచం కింద పడి ఉంది. ఆ ఎండాకాలం అమ్మ దాన్ని సగానికి కోసింది, డ్రమ్ములోంచి బిందెల్లోకి నీళ్ళు దింపడానికి. నాయిన చూశాడు, వద్దనలేదు. నీళ్ళు రావాలంటే ముందు ఎవరో ఒకరు నోరు పెట్టి పీల్చాలి. ఆ పని నాకిచ్చారు. మొదటి గుక్కలో ప్లాస్టిక్ వాసన, ఎప్పటిదో సున్నం రుచి. ఉమ్మేసి, కొస బిందెలో పెట్టి, మాట్లాడకుండా పక్కకు జరిగేదాన్ని.