లోపలి గడియ

నా చిన్నప్పుడు రేపల్లెలో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు నా కాళ్ళవైపు చూసి, ఆ తర్వాతే మా అమ్మతో మాట మొదలుపెట్టేవారు. పుట్టగానే నేను ఏడవలేదట. ఏడాది దాటినా కూర్చోలేదు, మూడేళ్ళొచ్చినా నిలబడలేదు. కాళ్ళు రెండూ బిగుసుకుపోయి ఒకదానిమీద ఒకటి పడుతుండేవి. మాటలు మాత్రం బాగానే వచ్చాయి. మా నాన్న రైసు మిల్లులో గుమాస్తా. సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలూ లెక్కలూ నాన్నే నేర్పాడు. నూనెలు రాశారు, టానిక్కులు తాగించారు, మొక్కులు మొక్కారు. చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే, పిల్ల నడుస్తుందా అని.

నాకు తొమ్మిదేళ్ళు నిండాక నాన్న ఎవరో చెప్పగా విని తెనాలిలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కాం. అమ్మ ఒళ్ళో నేను. డాక్టరు నా మోకాళ్ళు వంచి చూసి, ఇది మందులతో పోయేది కాదని చెప్పి, వెనక గదిలో ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆ మాటకు మాకు నోరు తిరగలేదు. తర్వాత కూడా ఆమెను మా ఇంట్లో తెనాలి అక్క అనే పిలిచేవాళ్ళం.

అక్కకు ముప్పై ఏళ్ళుంటాయేమో. నేల మీద చాప పరిచి, నన్ను దాని మీద పడుకోబెట్టి, తనూ పక్కనే కింద కూర్చుంది. కాళ్ళు చూసింది, నడుము చూసింది, చేతులతో తన వేళ్ళు గట్టిగా పట్టుకోమంది. అంతా అయ్యాక నన్ను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి అడిగింది.

"నీకేం కావాలమ్మా?"

అమ్మే జవాబు చెప్పింది. "ఇంకేం కావాలండి, నడిస్తే చాలండి."

"మిమ్మల్ని కాదండి. పాపని చెప్పనివ్వండి."

నేను నాన్నవైపు చూసి తల దించుకున్నాను. అక్కకు ఏమర్థమైందో, టీ తాగి రమ్మని నాన్నను బయటికి పంపింది. ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యాక చెప్పాను.

"నా అంతట నేను దొడ్లోకి వెళ్ళాలి. ఎవర్నీ పిలవకుండా."

మా మరుగుదొడ్డి పెరట్లో ఓ మూల ఉండేది. అమ్మ నన్ను ఎత్తుకుని తీసుకెళ్ళేది. ఇంట్లో చుట్టాలుంటే అందరి ముందూ పిలవాలి. అమ్మ ఊళ్ళో లేకపోతే పక్కింటి పిన్ని రావాలి. అందుకని అలాంటి రోజుల్లో నేను మంచినీళ్ళు ముట్టుకునేదాన్ని కాదు. అదీ చెప్పాను. అమ్మ నావైపు తిరిగి, "దాహం లేదంటావు గదే, అందుకా?" అని మాత్రం అంది.

అక్క నన్ను ఓదార్చలేదు. "అయితే దానికేం కావాలో చూద్దాం," అంది. నాన్నను లోపలికి పిలిచి ఇద్దరికీ నిదానంగా చెప్పింది. పుట్టినప్పుడు మెదడుకు తగిలిన దెబ్బ పోదు. కానీ రోజూ మెల్లగా సాగదీస్తే కండరాలు ఇంకా బిగుసుకోకుండా ఉంటాయి. నడుమూ చేతులూ గట్టిపడితే పిల్ల తన బరువు తనే మోసుకుంటుంది. అందరిలా నడుస్తుందని మాత్రం తను మాటివ్వలేనంది. నాన్న ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం నా మాట విన్నారనే ఆనందంలో మిగతావేవీ చెవికెక్కలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇల్లు రోజూ ఒకే తీరుగా సాగింది. అమ్మ వంట ముగించి, వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు నా తొడలకు చుట్టి, కాళ్ళు ఎడంగా సాగదీసేది. నొప్పికి ఏడ్చేదాన్ని. అమ్మ చెయ్యి ఆపేది, నేను సరేనన్నాక మళ్ళీ మొదలుపెట్టేది. పరుపు చుట్టచుట్టి, దాని మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోబెట్టి, పక్కకు వంగి చింతపిక్కలు అందుకోమనేది. అది ఆటే అనుకున్నాను, నడుము నిలవడానికని తర్వాత తెలిసింది. పీట మీంచి మంచం పట్టె పట్టుకుని లేవడం అన్నిటికంటే కష్టం. లేచేదాన్ని, కూలబడేదాన్ని. అమ్మ చేతులు ముందుకొచ్చి మధ్యలో ఆగిపోయేవి. పట్టుకోవద్దని అక్క గట్టిగా చెప్పింది మరి.

నెలకోసారి తెనాలి వెళ్ళేవాళ్ళం. అక్క చెప్పినట్టే నాన్న పెరటి గోడ పొడుగునా ఇనప పైపు బిగించాడు. వడ్రంగితో మధ్యలో రంధ్రమున్న చెక్క కుర్చీ చేయించి మరుగుదొడ్లో వేయించాడు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మ పచారీ కొట్టుకు వెళ్ళింది. నేను మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. మెట్లు కూర్చుని దిగాను. పైపు తడిగా ఉంది. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అడుగు వేశాను. లోపలికి వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టుకున్నాను. అంతకుముందు ఆ గడియ నేనెప్పుడూ ముట్టుకోలేదు.

అమ్మ వచ్చి మంచం ఖాళీగా చూసి ఇల్లంతా వెతికింది. చివరికి తలుపు దగ్గరికొచ్చింది.

"లోపలున్నావా?"

"ఉన్నానమ్మా."

"రానా?"

"వద్దు."

అమ్మ వెళ్ళలేదు. తలుపు సందులోంచి చీర అంచు కనపడుతూనే ఉంది. కానీ పిలవలేదు. నేను బయటికొచ్చేసరికి ముఖం తుడుచుకుని, "నీళ్ళు తాగుతావా?" అనడిగింది. రెండు గ్లాసులు తాగాను.

ఈ సంగతి చెబితే తెనాలి అక్క నవ్వి, "ఇప్పుడింకేం కావాలి?" అంది. బడి కావాలన్నాను. అందుకోసం చంక కర్రలతో నడక నేర్చుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఆ కర్రలతోనే బడిలో చేరాను. ఇప్పటికీ వాటితోనే నడుస్తాను.

బాపట్లలో పంతులమ్మగా చాలా ఏళ్ళు పనిచేశాను. నాలాంటి పిల్లలను తల్లిదండ్రులు నా దగ్గరికి తీసుకొచ్చి, వాళ్ళ కష్టమంతా చెప్పేవారు. అంతా విని, పిల్లల పక్కన కూర్చుని వాళ్ళనే అడిగేదాన్ని. కొందరు చాలాసేపు మాట్లాడేవారు కాదు. వాళ్ళు చెప్పేదాకా ఊరుకోవడం మా అమ్మ చేతులను చూసి నేర్చుకున్నాను. ఒక పాపను, సరిగా నిలబడలేదని, ప్రతి క్లాసులోనూ టీచరు బల్ల పక్కనే కూర్చోబెట్టేవారట. ఆ పాప నా చెవి దగ్గరికొచ్చి, "వెనక బెంచీలో కూర్చోవాలి టీచర్," అంది. అక్కడే కూర్చోబెట్టాను. వారం తిరక్కుండా పక్క పిల్లతో కబుర్లాడుతూ దొరికిపోయింది. మిగతా పిల్లల్ని కోప్పడినట్టే దాన్నీ కోప్పడ్డాను. తల వంచుకుంది కానీ, నవ్వు దాచుకోలేకపోయింది.