నాన్న అడిగిన రాళ్ళు

అమ్మ సమాధి సముద్రంలో కలిసిపోయాక నాన్నకు రాళ్ళ పిచ్చి పట్టుకుంది. హోప్ టౌన్‌లో మా సమాధుల తోట గట్టు సునామీ నాటి నుంచీ కొంచెం కొంచెంగా విరిగిపడుతూనే ఉంది. ఒక వానాకాలం అమ్మ ఉన్న వరస మొత్తం జారిపోయింది. సిమెంటు, సిలువ, అమ్మ, ఏదీ మిగలలేదు.

నాన్న పుట్టింది ఈ దీవుల్లోనే. శ్రీకాకుళం వైపున్న మా తాత ఊరిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ ఊరి మెట్ట మీద రాక్షస గుళ్ళున్నాయని తాత నోట విన్నాడు, అంతే. నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి, పైన బండ కప్పిన పాతకాలపు సమాధులు. ఎన్ని వేల ఏళ్ళ నాటివో ఎవరికీ తెలియదు, అయినా కదల్లేదట. తను పోయాక తనకూ అలాంటిదే కట్టమన్నాడు. సంఘంలో ఈ మాట ఎత్తితే పాస్టరు గారు, రాక్షసులూ గుళ్ళూ రెండూ మనకు పనికిరావని నవ్వేశారు. అవి గుడులు కావు, సమాధులని నాన్న ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. గరాచర్మ ఊళ్ళో ఉండే మేస్త్రీ, అంత రాయి కావాలంటే ఓడలో తెప్పించుకోవాలన్నాడు. నాకు ఒళ్ళు మండేది. బతికున్నవాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికే ఇసుక దొరకని చోట ఈయనకు కొండరాయి కావాలి.

నిరుడు నేను ఒక పెళ్ళికి తాత ఊరివైపు వెళ్తుంటే, రాయికి రాయిని ఎలా అతికించారో చూసి రమ్మని మరీ మరీ చెప్పి ఓడ ఎక్కించాడు.

మెట్ట ఎక్కాను. గుళ్ళు ఉన్నాయి. రెండు కూలిపోయాయి, ఒకటి మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంది. అందులో ఎవరో పిడకలు దాచుకున్నారు. లంకెబిందెల కోసం తవ్వినవాళ్ళు ఎముకలూ కుండపెంకులూ బయట పారేశారని, తన అమ్మమ్మ నాటికే లోపల ఏమీ లేదని అక్కడ మేకలు కాస్తున్న ముసలమ్మ చెప్పింది. ఫొటో తీసుకుని దిగొచ్చాను.

అబర్డీన్ బజార్‌లో కొత్త కళ్ళజోడు కొనుక్కుని మరీ ఆ ఫొటో చూశాడు నాన్న. రాళ్ళను చూడగానే ముఖం విప్పారింది. అమ్మ పోయాక ఆయన్ని అంత సంతోషంగా నేను చూడలేదు. వేళ్ళతో ఫొటోను పెద్దది చేసుకుంటూ పోయి, రాళ్ళ మధ్య చీకటి దగ్గర ఆగాడు.

"అందర్ ఏటుంది?"

"పిడకలు."

"మనిషో?"

అబద్ధమాడితే నా సొమ్మేం పోదు. కానీ నా ముఖం చూస్తే ఆయనకు తెలిసిపోతుంది.

"లేడు నాన్నా. ఎప్పుడో తవ్వీసి పారీసినారట."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

"మీ అమ్మని సముద్రం తోడీసింది. ఆళ్ళని మనుషులు తోడీసినారు," అన్నాడు.

ఆ తర్వాత రాళ్ళ ఊసే ఎత్తలేదు. విసుక్కున్న నాకే ఆ మౌనం భరించరానిదైంది. గట్టుకు దూరంగా, ఎత్తు మీద ఆయనకు చోటివ్వమని సంఘాన్ని అడుగుతానని ఒకరోజు నేనే చెప్పాను. కనీసం అది నిలుస్తుందని ఆశ పెట్టబోయాను. నాన్న నా వైపు జాలిగా చూశాడు.

"ఎక్కడ పెట్టినా, ఉంటానేటమ్మా?"