అక్క చూసిన ఎర్ర సీటు

నాకు మా అక్క మీద అసూయ. ఈ వయసులో రాసుకోవలసిన మాట కాదని తెలుసు. కానీ పాత మోటారు సైకిలుకు సీటు తొడుగు వేయించడానికి డెబ్బయి ఆరేళ్ళ మనిషి జనగామ నుంచి మహబూబాబాదుకు, అక్కడి నుంచి భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్లపల్లికి ఒక్క రోజులో ఎందుకు తిరిగాడో చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అన్నట్టు, మహబూబాబాదును మా వైపు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. బస్సు బోర్డు మీద ఆ పేరు కోసం వెతుకుతూ బస్సు పోగొట్టుకున్నవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మాది నర్మెట్ట దగ్గరి ఊరు. నాన్నను మేము బాపు అంటాం; ఆయన అక్కడి దొర దగ్గర డ్రైవరు. పెద్ద యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న విలాయతి మోటారు సైకిలును దొర సికింద్రాబాదులో కొన్నాడు. నడపడం మాత్రం ఆయనకు రాలేదు. సంఘం లేచి, దొర భూముల్లో జెండాలు పాతిన రోజుల్లో ఆయన కుటుంబంతో పట్నం పారిపోతే బండి బాపు చేతిలో మిగిలింది. జ్వరాలొచ్చినవాళ్ళను దాని మీద జనగామ దవాఖానకు చేర్చాడని కొందరు, సంఘం చీటీలు మోశాడని కొందరు చెప్పేవారు. పోలీసు చర్య తర్వాత ఊళ్ళ మీద మళ్ళీ సోదాలు మొదలైనప్పుడు బాపు బండిని మా మేనమామ కొట్టంలో పెట్టి అడవి దిక్కు నడుచుకుంటూ వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఫోటో లేదు. అప్పటికి అక్కకు ఐదేళ్ళు. నేను అవ్వ కడుపులో ఉన్నాను. మేము అమ్మను అవ్వ అంటాం.

అంటే, అక్క బాపును చూసింది, నేను చూడలేదు. డెబ్బయి ఆరేళ్ళ అసూయకు మూలం ఇంతే. చిన్నప్పుడు ఏ చిన్న తగవు వచ్చినా అక్క "నేను బాపు బండెక్కిన. సీటు ఎర్రగుండె" అనేది. అక్కడితో నేను లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ సీటు కూడా దక్కలేదు. నాకు ఊహ తెలియకముందే, కరువొచ్చిన ఏడాది మేనమామ దాని తోలు కోసి చెప్పులు కుట్టించుకున్నాడు. నేను చూసేసరికి అవి మట్టి కొట్టుకుపోయి రంగే తెలియలేదు, అయినా కొన్నాళ్ళు ఆ చెప్పుల మీద కూడా అసూయపడ్డాను.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. మిగతా చదువంతా కిరాణా పొట్లాలు విప్పి నేర్చుకున్నదే. ఆ పొట్లాల కాగితాల్లో పోరాటం గురించి ఏ ముక్క కనబడినా దాచుకునేవాణ్ణి. ఎర్రజెండా, ఎర్రసైన్యం, వాటి పక్కన మా బాపు ఎర్ర సీటు. మేనమామ కొట్టం నుంచి బండి నాకు దక్కి, నడిచే స్థితికి వచ్చాక జనగామలో ఎర్ర రెగ్జిన్ వేయించాను. తరిగొప్పులలో ఇదే రకం బండి ఉన్న రిటైర్డ్ పంతులు ఒకాయన ఉన్నాడు. ఆయన సీటు అప్పటిదే, గోధుమ రంగు తోలు. దాని మీద తువాలు కప్పి ఉంచుతాడు. ఎవరైనా వస్తే ఆ తువాలు తీసే తీరు చూడాలి, నాకు ఒళ్ళు మండిపోతుంది. "ఈ బండ్లకు ఎర్రవి రాలేదండీ" అన్నాడు నాతో. "మా బాపుదానికి వచ్చింది" అన్నాను.

ఈ మధ్య అక్క కళ్ళలో నరం ఎండిపోతోందని, ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు అన్నాడట. ఆ సీటును చూసిన కళ్ళల్లో లోకంలో మిగిలినవి అవి రెండే. అవి ఆరిపోయేలోపు అచ్చం అలాంటి తొడుగు కుట్టించి, అక్కతో "ఔను, గిదే" అనిపించుకోవాలి. అదీ ప్రయాణం కారణం.

పొద్దున ఆరున్నర దాటాక జనగామలో రైలెక్కాను. జనరల్ టికెట్టు వంద లోపే. సీటు విప్పి, ఇనుప చట్రం, స్ప్రింగులతో సహా బియ్యం సంచిలో పెట్టుకున్నాను. తొమ్మిదికల్లా మానుకోట. స్టేషను నుంచి పది నిమిషాల నడకలో యాకూబ్ దుకాణం. అరవై దాటిన మనిషి. వాళ్ళ నాయిన గుర్రాల జీన్లు కుట్టేవాడట, అందుకే పాత బండ్లవాళ్ళు ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. సంచి విప్పి చట్రాన్ని మోకాలి మీద పెట్టుకుని, నా రెగ్జిన్‌ను చూసి మూతి ముడిచాడు.

"ఎవలేసిన్రన్నా గిది? గొడుగు గుడ్డ లెక్క ఉన్నది."

"గది పోనీ. ఇప్పుడు అసలు తోలు కావాలె. ఎర్రది."

"ఎర్రదా? పెండ్లి బారాత్ గుర్రమా ఏంది నీ బండి?"

"మా అక్క చూసింది. ఎర్రగనే ఉండెనట."

"గీ బండ్లకు నల్లది చూసిన, గోధుమది చూసిన. ఎర్రది చూడలె. జర ఇంకొకసారి అడిగి రారాదు?"

అడగనన్నాను. అడిగితే బాపు కథ మొదలవుతుంది, నేను వినలేను. అది ఆయనకు చెప్పలేదు. యాకూబ్ నిట్టూర్చి లోపలి నుంచి ఎర్ర తోలు తెచ్చాడు.

ఇలాంటి పని కోసం వెళ్ళేవాళ్ళకు ఆయన చేసిన తీరు చెప్పాలి. తోలును నీళ్ళలో నానబెట్టాడు. ఆలోపు పాత తొడుగు కుట్లు విప్పి, దాన్ని కాగితం మీద పరిచి గీసుకున్నాడు. లోపల మెత్తదనానికి స్పాంజి వద్దన్నాడు. "స్పాంజి పెడితే కూసోంగనే కొత్తదని దొరికిపోతది. గప్పట్ల ఉన్నితోటి నింపేది" అంటూ పాత గొంగడి ముక్కను రెండు మడతలు వేసి పరిచాడు. మైనం పట్టించిన దారంతో అంచులు చేత్తో కుట్టి, తడి తోలును చట్రం మీదికి లాగి నులక తాడుతో బిగించాడు. మూడు గంటలు పట్టింది. తోలు, కూలి కలిపి రెండు వేల రెండు వందలు. బేరమాడితే వంద తగ్గిస్తాడు, కానీ కుట్టు కొంచెం ఎడంగా పడుతుందని ఆయనే చెప్పాడు.

"పొద్దుగూకె దాక తాడు ఇప్పకు. ఇప్పితే ముడతలొస్తయి" అని, మళ్ళీ సీటు వంక చూసి, "మంచిగనే కుట్టిన. కని నా పేరు ఎవలికి చెప్పకన్నా" అన్నాడు.

ఒంటిగంట లోపు నర్సంపేట మీదుగా హన్మకొండ పోయే బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఉచితం. నా పక్కన కూర్చున్నామె కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని కొంగున ముడేసుకుంది. నేను డబ్బులిచ్చి అసలు టికెట్టు తీసుకున్నాను. అసూయకు కొత్త కారణాలు వెతుక్కోవలసిన పనే లేదు, సర్కారే చూసుకుంటుంది. బస్సు ఎగిరినప్పుడల్లా సంచిలో స్ప్రింగులు కిర్రుమంటున్నాయి.

"ఏందన్నా సంచిల? కోడా?" అంది ఆమె.

"కాదమ్మా, సీటు."

"అబ్బో! బస్సుల దొరకదని ఇంటికాడ్నించే తెచ్చుకున్నవా?"

బస్సు సగం నవ్వింది. కండక్టరైతే దిగేటప్పుడు "సీటు మర్చిపోకు బాపూ" అని గుర్తుచేశాడు కూడా. మూడున్నరకు హన్మకొండ. అక్కడ పరకాల బస్సు గంట ప్రయాణం. పరకాల నుంచి మొగుళ్లపల్లికి నలుగురు కూడితే కదిలే ఆటోలుంటాయి. ఐదుంబావుకు, ఎండ పచ్చబడుతుండగా అక్క వాకిట్లో దిగాను.

అక్క చాటలో కందులు ఏరుతోంది. ఏరుతోందనే కానీ, వేళ్ళతో తడిమి రాళ్ళు తీస్తోంది. నా గొంతు విని "తమ్మీ, వచ్చినవా!" అని చాట పక్కన పెట్టింది. చాయ్ కూడా తాగకుండా, పొద్దుగూకేదాకా ఆగకుండా తాడు విప్పి సీటు ఆమె ఒళ్ళో పెట్టాను. పెండ్లిచూపుల నాడు కూడా నేనంత భయపడలేదు. అక్క సీటును ముఖం దగ్గరికి తెచ్చుకుని, వెలుతురు కోసం అటూ ఇటూ తిప్పింది.

"గిదేందిరా? పెండ్లిపిల్ల పెట్టె లెక్క."

"బాపు సీటక్కా. ఎర్రగుండె అన్నవ్ గద."

"అన్న. గిది ఎరుపా? గిది కుంకుమ."

"మరి ఎరుపంటే?"

అక్క చెయ్యెత్తి ఎదురింటి కొట్టం వైపు చూపించింది. అక్కడ ఒక ఆవు నెమరువేస్తోంది. గోధుమ రంగు ఆవు. ఊరంతా పిలిచినట్టే నేను కూడా పుట్టినప్పటి నుంచి అలాంటి ఆవును ఎర్రావు అనే పిలుస్తున్నాను.

"గా ఎర్రావు లేదా? గట్ల. నువ్వేమనుకున్నవ్, జెండా అనుకున్నవా?"

నా ముఖం ఎలా పెట్టానో గానీ, మసక కళ్ళతో కూడా ఆమెకు కనబడింది. పళ్ళు లేని నోటితో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తరిగొప్పుల పంతులు తువాలు నా కళ్ళ ముందు ఆడింది.

"డెబ్బై ఏండ్లల్ల ఒక్కపారన్న చెప్పకపోతివి!"

"ఎప్పుడన్న అడిగితివా? సీటు మాట తీయంగనే లేసి పోతుంటివి. మొఖం మాడ్చుకొని."

అది నిజం. ఇక పోవడానికి చోటు లేదు, ఆఖరి ఆటో కూడా వెళ్ళిపోయింది. అరుగు మీద కూర్చుని, పుట్టి ఇన్నేళ్ళకు మొదటిసారి అడిగాను.

"బాపు ఎట్లుండె అక్కా?"

"నన్ను ముంగట ట్యాంకు మీద కూసోబెడుతుండె. ముంగట తొవ్వ, ఎనుక బాపు. చేతులు కనపడుతుండె. ఎడమ బొటనవేలికి గోరు లేకుండె. కిందికి దింపినంక గా సీటు నా మొఖానికి ఎదురుంగ ఉండేది, గంత పొడుగే ఉంటి నేను. గందుకే సీటు యాదున్నది." చేతిలోని సీటును నిమిరింది. "మొఖం యాది లేదురా."

"మరి ఇన్నేండ్లు చూసిన, చూసిన అంటివి?"

"అననా? అవ్వ నిన్ను ఒళ్లె ఏసుకొని 'అచ్చం ఆయన మొఖమే' అనేది. వచ్చినోళ్ళందరికి చూపెట్టేది. నా దిక్కు చూడకపోయేది. నాకేమున్నది? సీటున్నది. గందుకే సీటు తీసేది. నిన్ను చూసి ఎంత ఏడ్చిన్నో నీకేం ఎరుక!"

అవ్వ నన్ను అలా చూసేదని నాకు తెలియదు. నాకు గుర్తున్నదల్లా అవ్వ నన్ను చూసి కళ్ళు తుడుచుకోవడం. నా మీద బెంగ అనుకున్నాను.

అక్క సీటును పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుంది. కంది పొట్టు అంటిన చేతులు. పొద్దు వాలుతున్న వైపు నా ముఖాన్ని తిప్పింది.

"జర ఇటు తిరుగు. కదలకు. కండ్లు పోకముందు నేను గూడ చూసుకుంట."

కదలలేదు. వెలుతురు పూర్తిగా పోయేదాకా అలాగే కూర్చున్నాను.

మర్నాడు వచ్చిన దారినే మళ్ళీ మానుకోట వెళ్ళాను. యాకూబ్ గోధుమ తోలు అప్పటికే నానబెట్టి ఉంచాడు. ఎర్ర తోలు వృథా కాలేదు. దాన్ని ఒక పీటకు కొట్టించి అక్కకు పంపాను; కుంకుమ రంగే అయినా మెత్తగా ఉందని కబురు పెట్టింది. ఇప్పుడు నా బండి తరిగొప్పుల పంతులు బండిలాగే ఉంటుంది. ఆయన మీద నాకింకా అసూయే, అది పోతుందనుకోను. కానీ అక్కను చూసి ఏడ్చిన ఏళ్ళన్నీ లెక్కలోంచి తీసేస్తే నా వయసు చాలా తక్కువ తేలుతుంది. గడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడుతున్నాను. బాపు ముసలివాడైతే ఇలా ఉండేవాడేమోనని.

పాత బండికి సీటు తొడుగు వేయించబోయేవాళ్ళకు ఒక్క మాట. రంగు పేరు నమ్ముకుని తోలు కోయించకండి. ఆ సీటును చూసినవాళ్ళుంటే పగటి వెలుతురులో వాళ్ళ పక్కన కూర్చుని, "దేని లెక్క ఉండె?" అని అడిగి, వేలితో చూపించమనండి. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో లేచి వెళ్ళకండి.