మామ చావింట్ల నా మెడ

మీర్‌పేట్‌ల మా చుట్టాలందరు ఇప్పుడు నన్ను ఎన్నపూస మనసోడంటున్నరు. అసలు సంగతి చెప్తే మీరు నవ్వుతరు. నాకైతే నవ్వొస్తలేదు.

బండి మీద పోవుడు, హెల్మెట్‌ల ఫోన్ ఇరికించుడు, మెడ ఒంకరబెట్టి మాట్లాడుడు... గిదే గదా నా బతుకు! మొన్న పొద్దున లేస్తే మెడ తిరుగుతనే లేదు. చైతన్యపురిల ఫిజియోథెరపీకి పోయిన. ఆ మేడం మెడకింద బొటనవేలు పెట్టి ఒత్తింది. నొప్పి కణతల దాంక గుంజింది! "కండరం ముడి పడిందండి, ట్రిగ్గర్ పాయింట్ అంటారు" అని సన్న సూది గూడ గుచ్చింది. "రేపటిదాకా అక్కడ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి" అన్నది.

బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తున్న, ఫోనొచ్చింది. మా మేనత్త భర్త పోయిండట. నాకు బండి నేర్పిన మామ! అట్లనే ఇంటికి పోయి, నా భార్యను బండెక్కించుకొని అత్తోళ్లింటికి బయలెల్లిన.

నా బాధేందంటే, నాకు ఏడుపు రాదు. లోపల ఎంత మండినా కంట్ల చుక్క రాదు. మా నాయిన పోయినప్పుడు గూడ గట్లనే నిలబడ్డ. "మా అన్న కడుపున బండ పుట్టింది" అని అత్త నలుగురి ముంగట అన్నది. అప్పటిసంది నాతోని సక్కగ మాట్లాడలే. "ఈసారన్న జర ఏడువు, లేకపోతే అత్త మనల్ని ఇంక గడప తొక్కనియ్యది" అని తొవ్వంత నా భార్య ఒక్కటే పోరు.

మన దిక్కు చావింట్ల మెడ మీద పడి ఏడుస్తరు గదా. ఆ ముచ్చటే మర్చిపోయిన! నన్ను చూడంగనే అత్త ఉరికొచ్చి మెడ పట్టుకొని, గదువ తెచ్చి సరిగ్గ సూది గుచ్చిన కాడ ఆనించింది.

"ఓరి నాయినో! సచ్చిపోతిన్రో!"

నా ఒర్లుడుకు డప్పు కొట్టెటోళ్లు గూడ ఆగిన్రు. కండ్లల్లకెల్లి నీళ్లు ధారగ కారుతున్నయి. అత్త ఇంకా గట్టిగ పట్టుకున్నది. "మామంటే ఇంత పాణమా బిడ్డా! నిన్ను బండ అన్న గదరా, నా నోరు పడిపోను!" అని ఏడ్సింది. ఇగ నన్ను ఓదార్చనీకె ఒకరెనుక ఒకరొచ్చి నా మెడ మీదనే పడ్డరు. నా భార్య ఒక్కతే దూరంగ నిలబడి, మెచ్చుకున్నట్టు చూస్తున్నది.

నిజం చెప్దామనుకున్న. అత్త మొఖం జూస్తే నోరు రాలే. "దినాల దాంక రోజు రా బిడ్డా, నువ్వుంటే నాకు ధైర్యం" అన్నది.

ఇయ్యాల రెండో సిట్టింగ్. పొద్దుగాల్నే మేడంకు ఫోన్ చేసిన: "మేడం, దినాలు అయిపోయేదాంక జర గీ నొప్పి తగ్గకుండ చూడుండ్రి. నల్గొండ దిక్కుకెల్లి చుట్టాలు ఇంకా ఒస్తనే ఉన్నరు."